చెంచాడు తీర్థం

8 ఫిబ్రవరి 2011, మంగళవారం. లబాసా, ఫిజీ

ఈ డైరీ తెలుగులో రాస్తాను. భాష మీద భక్తితో కాదు. ఆఫీసులో నా టేబుల్‌కి తాళం లేదు. మా మేనేజర్ బిజేంద్రకి పరాయివాళ్ళ కాగితాలు తిరగేసే జబ్బు ఉంది. ఇంగ్లీషులో రాస్తే చదివేస్తాడు. హిందీలో రాస్తే చదివి నవ్వుతాడు కూడా. తెలుగు చదవగలిగినవాళ్ళు ఈ ఊరు మొత్తం మీద పదిమంది ఉంటారేమో, అందరూ డెబ్భై దాటినవాళ్ళే. ద్రాసాలో చెరకు తోట గట్టు మీద కూర్చోబెట్టి మా తాత వెంకటస్వామి చెవి మెలేసి నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి. మేనేజర్ని తిట్టుకోవడానికి.

ఇవాళ్టి తిట్టు. సెయంగంగాలో మా కంపెనీ పెట్టిన సోలార్ బాటరీలు వరసగా చస్తున్నాయి. ముప్ఫై ఎనిమిది ఇళ్ళు. ఒక్కో ఇంటికి ఒక ప్యానెల్, ఒక బాటరీ, నాలుగు లైట్లు, ఫోన్ ఛార్జర్. బాటరీ ఎనిమిదేళ్ళు వస్తుందని చెప్పి పెట్టాం. పధ్నాలుగు నెలలు వచ్చింది. నేను టెస్టింగ్ టెక్నీషియన్ని కాబట్టి గురువారం వెళ్ళి ఫారాలు నింపుకు రమ్మన్నాడు. ఎందుకు చచ్చాయో కనుక్కోమనలేదు. ఫారాలు నింపమన్నాడు.

10 ఫిబ్రవరి, గురువారం. సెయంగంగా నుంచి వచ్చాక

కారియర్‌లో, అంటే బెంచీలేసిన చిన్న లారీలో, వెనక కూర్చుని వెళ్ళి, వెనక కూర్చుని వచ్చాను. నోట్లో ఇంకా దుమ్ము.

పదకొండు ఇళ్ళు చూశాను. అన్నిచోట్లా ఒకటే కథ. రోజంతా మంచి ఎండ, ప్యానెల్ బాగానే ఉంది, వైర్లు బాగానే ఉన్నాయి. రెండు లైట్లు వేస్తే ఇరవై నిమిషాలకి గుడ్డి వెలుగు, అరగంటకి చీకటి. జనం మళ్ళీ కిరోసిన్ దీపాలు బయటికి తీశారు.

పదకొండో ఇల్లు అమ్మణి అవ్వది. ఎనభై దగ్గర పడింది. ఒక్కతే ఉంటుంది. నేను ఫారం మీద పేరు తెలుగులో గొణుక్కుంటూ రాస్తుంటే విని చెయ్యి పట్టుకుంది. బేటీ, నీకు తెలుగు వస్తాదా, అని. వస్తుందన్నాను. కుర్చీ తుడిచి వేసింది. నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. ఆవిడ తెలుగులో సగం హిందీ, మిగతా సగం గుడి. పూజా, ప్రసాదం, హారతి, గోవిందా. గుడి బయట మాటలు ఎప్పుడో పోయాయి. చెరకుని గన్నా అనే అంటుంది, కత్తిని నైఫ్ అంటుంది.

బాటరీలో ఏం నీళ్ళు పోస్తావు అవ్వా అని అడిగాను. ఫారంలో ఆ గడి ఉంది. ఆవిడ గొంతు తగ్గించి, దేవుడి గురించి చెబుతున్నట్టు, నేను తీర్థం పోసింది బేటీ, హర్ శనివారం, ఏక్ ఏక్ చెంచా, అంది.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఎంత ముద్దుగా అందో. గడిలో రాశాను. "హోలీ వాటర్ (తీర్థం)". ఇంగ్లీషు అక్షరాల్లో. కింద సంతకం.

11 ఫిబ్రవరి, శుక్రవారం

టీ టైములో తీర్థం కథ చెప్పాను. అవ్వ గొంతు కూడా అనుకరించాను. బిజేంద్ర కప్పులో టీ ఒలికేదాకా నవ్వాడు. నేను కథలు బాగా చెబుతానని అందరూ అంటారు.

2 మార్చి, బుధవారం

ఇవాళ టీకి లేవలేదు.

బాటరీలు సప్లై చేసినవాళ్ళ రిపోర్టు సూవా నుంచి వచ్చింది. రెండే పేజీలు. బాటరీల్లో ఏ లోపమూ లేదట. వాడకందార్లు మతాచారం ప్రకారం పవిత్ర జలం పోయడం వల్ల లోపల ఆసిడ్ కలుషితమై ప్లేట్లు పాడయ్యాయట. కాబట్టి వారంటీ రద్దు. అన్ని ఇళ్ళకీ. ఆల్ సైట్స్ అని కింద గీత గీసి మరీ రాశారు.

మూడో పేజీ నాది. నా ఫారం, ఫోటోకాపీ. నా అక్షరాలు, నా సంతకం. "హోలీ వాటర్" చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.

ముప్ఫై ఎనిమిది ఇళ్ళ చీకటికి సాక్ష్యం నా ముద్దు కథ.

3 మార్చి

బిజేంద్ర గదిలోకి వెళ్ళి అరిచాను. అరవకూడదనుకునే వెళ్ళాను. పదకొండు ఇళ్ళు చూస్తే ఒక్క ఇంట్లోనే ఆ మాట విన్నాను, మిగతా వాటి సంగతేమిటి అన్నాను. అన్ని ఇళ్ళూ ఒకటే జాత్ కదా అన్నాడు. ఆ జనం అంతే, బాటరీకి బొట్టు కూడా పెడతారు అన్నాడు. ఆ జనం! వీడి ఆజా, వీడి తాత కూడా మావాళ్ళలాగే కూలి ఒప్పందం మీద అదే గిర్మిట్ ఓడ దిగి అదే చెరకు నరికాడు. ఒక తరం కుర్చీలో కూర్చుంటే చాలు, వెనకున్నవాళ్ళు ఆ జనం అయిపోతారు.

ఫారం మారుస్తానన్నాను. సంతకం పెట్టింది నువ్వే కదా, ఇప్పుడు మారిస్తే నువ్వు రాసినవేవీ ఎవరూ నమ్మరు, అన్నాడు. ఆ మాట నిజం. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అనేవాడు తాత. నేను నోరు జారడమే కాదు, సంతకం కూడా పెట్టాను.

5 మార్చి, శనివారం. సెయంగంగా

సెలవు పెట్టి నా అంతట నేనే వెళ్ళాను. అవ్వకి చెప్పాలి కదా. ఏం చెప్పాలో కారియర్‌లో గంటసేపు ఆలోచించాను. అక్కర్లేకపోయింది. రిపోర్టు నాకంటే ముందే వెళ్ళింది. కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేసి, అవ్వ ఇంటి పక్కనే ఉండే మునియ్యకి చెప్పారట. ఆయన అక్కడి సోలార్ కమిటీకి పెద్ద. ఆయన అందరికీ చెప్పాడు. అమ్మణి బాటరీలో పూజ నీళ్ళు పోసింది, అందుకని మనకెవరికీ కొత్త బాటరీ రాదు.

అక్కడ రేకుల గుడి ఒకటుంది. శనివారం గోవింద పూజ. ముప్ఫై ఏళ్ళుగా పూజ అయ్యాక తీర్థం ఇచ్చేది అమ్మణి అవ్వే. నేను వెళ్ళేసరికి హారతి అయిపోయింది. అవ్వ రాగి చెంబు, చెంచా పట్టుకుని వరస దగ్గరికి వచ్చింది.

ఎవరూ చెయ్యి చాపలేదు.

గొడవ చెయ్యలేదు, తిట్టలేదు. చెప్పులు వెతుక్కున్నారు. ఫోన్లు చూసుకున్నారు. మునియ్య అయితే ఆవిడ పక్కనుంచే బయటికి నడిచి, వద్దులే మౌసీ, మాకు కూడా వారంటీ పోతుందేమో, అని అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అవ్వ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. చెంచా చెంబుకి తగిలి టకటకమంటోంది. నేను వెళ్ళి చెయ్యి చాపాను. పోసింది. సగం నేల మీద పడింది.

తరవాత ఇంటికి వెళ్ళాం. నేనే తప్పు రాశానని చెప్పాను. ఆవిడకి ఫారం సంగతి అర్థం కాలేదు. లేచి వెళ్ళి దేవుడి అల్మారాలోంచి బాటిల్ తెచ్చి నా ముందు పెట్టింది. మా కంపెనీ బాటిల్. డిస్టిల్డ్ వాటర్, మా లేబుల్, మా ఫోన్ నంబరు. పక్కన మేమిచ్చిన ప్లాస్టిక్ చెంచా, గరాటు. కోళ్ళు తన్నకుండా, దుమ్ము పడకుండా ఇంట్లో అన్నిటికంటే శుభ్రమైన చోట పెట్టింది. తులసి లేదు, కర్పూరం లేదు. గుడి తీర్థం రాగి చెంబులో వేరే ఉంది. ఇది అది కాదు.

మరి తీర్థం అని ఎందుకన్నావు అవ్వా అని అడిగాను. గొంతు కొంచెం పెరిగింది నాకు. ఆవిడ నా మొహంలోకి చూసి, నువ్వే చెప్పింది కదా బేటీ, అంది.

అప్పుడు గుర్తొచ్చింది. పధ్నాలుగు నెలల కిందట ట్రైనింగ్ ఇచ్చింది నేనే. ఆ స్కూలు షెడ్డులో నిలబడి హిందీలో చెప్పాను, ఏక్‌దమ్ శుద్ధ్ పానీ, పూజా కే పానీ రకం, దూసర్ కుచ్ నై. వాళ్ళకి బాగా అర్థమవ్వాలని నా తెలివితేటలు చూపించాను. పూజ నీళ్ళలాంటి శుద్ధమైన నీళ్ళకి ఆవిడ దగ్గర మిగిలిన తెలుగు మాట ఒక్కటే. తెలుగు మనిషి కనపడిందని సంతోషంతో ఆ మాట నాకిచ్చింది.

నేను దాన్ని ఫారంలో పెట్టి అమ్మేశాను.

6 మార్చి

నా మొహం మండా.

9 మార్చి, బుధవారం

ఏడుపు అయిపోయింది. ఇప్పుడు కొలతలు.

అవ్వ బాటిల్‌లో నీళ్ళు తెచ్చి మా మీటర్ పెట్టి చూశాను. స్వచ్ఛంగా ఉన్నాయి, కొత్తగా సీలు తీసిన బాటిల్‌కీ దీనికీ తేడా లేదు. లబాసా కుళాయి నీళ్ళు ఇందులో వందో వంతు స్వచ్ఛం కావు. మూడుసార్లు కొలిచాను. నోట్ చేశాను. ఈసారి సంతకం జాగ్రత్తగా పెట్టాను.

నిన్న, ఇవాళ మిగిలిన ఇళ్ళు కూడా తిరిగాను, ఆఫీసుకి జ్వరమని చెప్పి. ముప్ఫై ఎనిమిదిలో ముప్ఫై ఆరు చచ్చాయి. అందులో ఆరు ఇళ్ళు ఫిజియన్ వాళ్ళవి, ఈ నేల మూలవాసులవి. మెరేసేని అనే ఆవిడ మెథడిస్టు, చర్చి క్వయర్‌లో పాడుతుంది. ఆవిడ బాటరీ అవ్వ బాటరీ కంటే నెల ముందే పోయింది. ఆవిడ కూడా తీర్థం పోసిందా? మతాచారమా? రిపోర్టు రాసినవాడు ఎదురుగా ఉంటే ఆ క్వయర్ మొత్తాన్ని వాడి చెవిలో పాడించేదాన్ని.

అందరూ ఒకే మాట అన్నారు. మొదటి ఆరు నెలలు బాగా వెలిగింది. తరవాత తగ్గుతూ వచ్చింది. నీళ్ళు తప్పైతే ముప్ఫై ఆరూ ఒకేలా చావవు. చావు ఒకేలా ఉందంటే పుట్టుకలోనే ఉంది రోగం.

12 మార్చి, శనివారం. లబాసా, గోవిందు మామ గ్యారేజి

అవ్వ బాటరీ తెచ్చాను. అడిగి తెచ్చాను. కంపెనీని అడగలేదు, అవ్వని అడిగాను. ఆవిడ ఇంట్లో ఉన్నది ఆవిడదే.

గోవిందు మామ మా అమ్మకి వరసకి తమ్ముడు. ముప్ఫై ఏళ్ళుగా చెరకు లారీలు బాగుచేస్తున్నాడు. బాటరీ ఎత్తగానే మొహం అదోలా పెట్టి, హల్కా బా, బరువు లేదు మోహినీ, అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం తెలిసిపోయింది నాకు. సోలార్ బాటరీ ఎత్తితే నడుం పట్టుకోవాలి.

ఆసిడ్ ప్లాస్టిక్ బకెట్‌లో వంపాం. సోడా వేశాం. మామ హాక్‌సా పట్టుకుని పై మూత చుట్టూ కోశాడు. గంట పట్టింది.

లోపల గొట్టాలుండాలి. సోలార్ బాటరీలో సీసం పేస్టుని నేసిన గుడ్డ గొట్టాల్లో కూరి పెడతారు, చేతికి గ్లవ్ తొడిగినట్టు. రోజూ నిండుతూ రోజూ ఖాళీ అవుతున్నా పేస్టు రాలిపోకుండా ఆ గుడ్డ పట్టుకుంటుంది. ఎనిమిదేళ్ళు రావడమన్నది ఆ గుడ్డలో ఉంది. మేం జనానికి అమ్మింది ఆ గుడ్డనే.

గొట్టాల్లేవు. పల్చటి రేకులు, అప్పడాల్లా. ముట్టుకుంటే విరిగాయి. వాటి మీద ఉండాల్సిన పేస్టంతా అడుగున మడ్డి. అది కారు బాటరీ. కారు బాటరీ పని ఒక్క క్షణం గట్టిగా తన్ని ఇంజన్‌ని లేపడం, వెంటనే మళ్ళీ నిండిపోవడం. సాయంత్రం నుంచి గంటలకొద్దీ ఇస్తూ కూర్చోమంటే ఆరు నెలలు ఇస్తుంది, తరవాత రాలిపోతుంది. గంగాజలం పోసినా రాలుతుంది, గ్రోగ్ పోసినా రాలుతుంది.

మామ గుడ్డ ముక్కకి పెట్రోలు అద్ది పైన సోలార్ స్టిక్కర్ మీద రుద్దాడు. మూల లేచింది. లాగాడు. కింద ఇంకో స్టిక్కర్. ఎర్ర కారు బొమ్మ.

పైన పటారం, లోన లొటారం. తాత ఈ సామెత వాడితే నాకు నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు. ఇరవై రెండు ఫోటోలు తీశాను.

14 మార్చి, సోమవారం

బిజేంద్ర ముందు ఫోటోలు పెట్టాను. మొదటిది చూశాడు. రెండోది చూడలేదు. మొహంలో ఆశ్చర్యం కోసం వెతికాను. లేదు.

తలుపు వేసి, గొంతు తగ్గించి, నన్ను చెల్లెల్ని చేసి మాట్లాడాడు. దేఖో బహినీ, స్టిక్కర్ వేసింది మనం కాదు, సప్లై చేసినవాడు. కానీ పెట్టింది మనం. బాటరీ తప్పైతే ముప్ఫై ఎనిమిదీ మనమే మార్చాలి, కంపెనీ లేస్తుందో మునుగుతుందో తెలీదు. నీళ్ళు తప్పైతే ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. ఒక ముసలామె కొంచెం నవ్వులపాలవుతుంది, అంతే కదా, అన్నాడు.

అంతే కదా అన్నాడు.

ఆ చెంబు టకటకలాడిన చప్పుడు వీడికి వినిపించాలంటే ఎలా?

14 మార్చి, సాయంత్రం

ఈ స్కీముని సర్కారు తరఫున చూసే సూవా ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఫోటోలు, నీళ్ళ కొలతలు, ముప్ఫై ఆరు ఇళ్ళ లిస్టు. చివర ఒక పేరా. ఫారంలో నేను రాసిన హోలీ వాటర్ తప్పు అనువాదం, తప్పు నాది, ఆ వృద్ధురాలిది కాదు. ఇంగ్లీషులో నా తప్పు ఎంత చిన్నగా కనిపిస్తుందో. ఒకటిన్నర లైను.

15 మార్చి

పోస్టు చేశాను.

16 ఏప్రిల్, శనివారం. సెయంగంగా

మీటింగ్ అయింది. అదే స్కూలు షెడ్డు. సూవా నుంచి ఒక ఆఫీసరు, కంపెనీ నుంచి బిజేంద్ర, ఊరంతా. ముందు అందరూ మామూలుగానే గ్రోగ్, ఆ మత్తు వేళ్ళ పొడి కలిపిన నీళ్ళు, తాగారు. అవ్వ వెనక బెంచీ మీద, గోడ పక్కన.

కోసిన బాటరీని బల్ల మీద పెట్టాను. అప్పడంలాంటి ప్లేటు తీసి చేత్తో విరిచి చూపించాను. స్టిక్కర్ కింద స్టిక్కర్ చూపించాను. ఎర్ర కారు బొమ్మ చూడగానే షెడ్డు అట్టుడికిపోయింది. మెరేసేని లేచి నిలబడి, నేను చర్చికి వెళ్తాను, నా బాటరీ ఏ గుడికి వెళ్ళింది, అని బిజేంద్రని నిలదీసింది. బిజేంద్ర చొక్కా కాలరు సర్దుకున్నాడు. నాకు కడుపు నిండింది, అబద్ధం ఎందుకు.

తరవాత తీర్థం సంగతి చెప్పాను. నేనే పూజ నీళ్ళు అన్నానని, అవ్వ ఆ మాటనే తెలుగులో చెప్పిందని, అసలు పోసింది కంపెనీ నీళ్ళేనని. అవ్వ బాటిల్ తీసి అరచేతిలో పోసుకుని అందరి ముందు తాగాను. చప్పట్లు కొట్టారు. అవ్వని ముందుకి పిలిచారు. ఆఫీసరు మంచివాడు, వినయంగానే అడిగాడు, ఆ మాట ఏమిటో మీ నోటితో చెప్పండి, రికార్డులో సరిచెయ్యాలి, అని. నేను తర్జుమా చేశాను. అవ్వ చెప్పింది. వినపడలేదన్నాడు. మళ్ళీ చెప్పింది. స్పెల్లింగ్ అడిగాడు. మూడోసారి చెప్పింది. అప్పుడు మునియ్య, అరే మౌసీ కే తీర్థం సబ్సే అచ్ఛా, సర్కార్‌కి కూడా ఒక చెంచా పొయ్యి, అన్నాడు. ప్రేమగానే అన్నాడు. షెడ్డంతా ఘొల్లుమంది. ఆఫీసరు నవ్వాడు. నేనూ నవ్వాను.

అవ్వ చీర కొంగు తలమీదకి లాక్కుని కిందికి చూస్తోంది.

ముప్ఫై ఎనిమిదీ మారుస్తామని రాసిచ్చారు. అసలు సోలార్ బాటరీలు. గొట్టాలున్నవి. గెలిచాం. కారియర్‌లో వస్తుంటే చేతులు నొప్పి పుట్టేదాకా ఇనప కమ్మీ పట్టుకుని ఉన్నానని దిగాక తెలిసింది.

20 ఏప్రిల్

ఉద్యోగం పోయింది. జ్వరమని అబద్ధం చెప్పి కంపెనీ బాటరీ దొంగిలించానట. దొంగే దొంగా దొంగా అని అరవడం అంటే ఇదే. టేబుల్ ఖాళీ చేస్తుంటే ఈ డైరీ చూసి, ఇందులో నా గురించి ఏముంది అని అడిగాడు బిజేంద్ర. పూజ మంత్రాలు అన్నాను.

27 ఆగస్టు, శనివారం

కొత్త బాటరీలు బిగించారని మామ చెబితే సెయంగంగా వెళ్ళాను. ఎత్తి చూశాను. ఎత్తలేకపోయాను. మంచివే.

గుడిలో తీర్థం ఇప్పుడు మునియ్య కోడలు ఇస్తోంది. అవ్వని అందరూ బతిమాలారట, వద్దందట.

అవ్వ ఇంట్లో లైటు బాగా వెలుగుతోంది. దేవుడి అల్మారాలో బాటిల్ లేదు. బయట వరండాలో, పినాయిల్ సీసా పక్కన ఉంది. ఇందులో ఏం పోస్తున్నావు అవ్వా అని తెలుగులో అడిగాను. ఊరికే, ఆ మాట వినాలని.

ఆవిడ గుమ్మం వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. తరవాత నా చేతుల వైపు చూసింది, కాగితం ఉందేమోనని.

డిస్టిల్ వాటర్, మేడమ్, అంది.